బల్లకు దూరం

కరీంనగర్ ప్రాంతంలో క్రైస్తవ సంఘ క్రమశిక్షణ మొదట వెస్లియన్ మెథడిస్టుల పద్ధతిలో నడిచింది. 19వ శతాబ్దం చివర్లో వారి మిషన్ కరీంనగర్‌కు చేరింది. దాని పద్ధతికి మూలం మాత్రం ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఉంది. 1742లో అక్కడి గుడి అప్పు తీర్చడానికి మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ సభ్యులను పన్నెండేసి మంది గుంపులు చేసి, ఒక్కో నాయకుడికి వారానికోసారి పెన్నీ చందా వసూలు అప్పగించాడు. గడప గడపా ఎక్కిన నాయకులకు ఎవరు తాగుతున్నారో, ఎవరు పెళ్లాంతో గొడవ పడుతున్నారో తెలిసిపోయింది. అలా చందా వసూలు కాస్తా కాపరి పనిగా మారింది.

మూణ్నెల్లకోసారి సభ్యుడికి పేరు, బైబిలు వాక్యం ఉన్న చిన్న చీటీ అందేది. దారి తప్పినవాడికి కొత్త చీటీ వచ్చేది కాదు, అంతే. నలుగురిలో నిలబెట్టి పరువు తీయడం ఉండేది కాదు. అయితే ఈ మెత్తదనాన్ని చేతగానితనం అనుకోవడానికి లేదు: 1743లో వెస్లీ న్యూకాజిల్‌లో 64 మందిని తొలగించాడు. వాళ్లలో 17 మంది తాగుబోతులు, ఒకడు భార్యను కొట్టినవాడు, 29 మంది భక్తిలో నిర్లక్ష్యం చూపినవారు.

తెలంగాణలో పల్లె సంఘాలు ఎక్కువగా మాల, మాదిగ వాడల్లో పుట్టాయి. తప్పుకు దండుగ వేయడం, వెలి వేయడం కులపంచాయితీల వల్ల అక్కడివారికి ముందే తెలుసు. సంఘంలో ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారానికి, దూరం పెట్టడం వేరు. అది పశ్చాత్తాపపడితే తీరిపోయే శిక్ష.

వరంగల్ అవతల దోర్నకల్‌లో ఇదే పని ఆంగ్లికన్ పద్ధతిలో సాగింది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. కనికరంలో అలసత్వం వద్దు, శిక్షలో కనికరం మరవవద్దు అనేది ఆ అభిషేక క్రమంలో కొత్త బిషప్పుకు చేసే హెచ్చరిక. 1662 నాటి ప్రార్థనల పుస్తకంలోని నియమం ఇంకా సూటిగా ఉంటుంది: పగపట్టిన ఇద్దరిలో క్షమించడానికి ఒప్పుకున్నవాణ్ణి బల్లకు రానివ్వాలి, మొండికేసినవాణ్ణి ఆపాలి. తమిళుడైన అజరయ్య తెలుగు నేర్చుకుని, ఎద్దుబండి మీద ఊళ్లు తిరిగి మురికి, రోగం, అప్పు, తాగుడులతో పోరాడాడు. బాప్తిస్మం పొందేవారి చేత నెత్తిన చెయ్యి పెట్టించి, సువార్త చెబుతామని ఒట్టు వేయించేవాడు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో మెథడిస్టులు, ఆంగ్లికన్లు కలిసిపోయారు. కరీంనగర్ డయోసిస్ 1978లో ఏర్పడింది.