కఱవు, ప్రవృత్తి: ధాతకఱవునాఁటి యొక యర్థవిచారము

కఱవు అను మన మాటయం దొక విశేషము గలదు. ధాన్యము లేకపోవుటయుఁ గఱవే; చిరకాలమునకు వచ్చిన బిడ్డను దల్లి కన్నుల కఱవు దీఱఁ జూచినప్పుడు తీఱునదియుఁ గఱవే. లేమియు, దానివలనఁ బుట్టెడి కోరికయు నొక్క మాటలో నిమిడియున్నవి. శాస్త్రములు మాత్ర మీ రెంటిని గలిసియుండనీయవు. తార్కికునకు లేమి యభావమను పదార్థము. కోరిక యాత్మగుణమగు నిచ్ఛ. ఆంధ్రుఁడగు నన్నంభట్టు తర్కసంగ్రహమున వాక్యార్థజ్ఞానమునకుఁ గారణముగాఁ జెప్పిన యాకాంక్ష వేఱొకటి. అది మనుష్యునిది గాదు, పదమునకుఁ బదాంతరముతోడి యపేక్ష. నవీనార్థశాస్త్రజ్ఞుఁడు చేత రొక్కము లేనివాని కోరికను గిరాకిలో లెక్కింపఁడు.

ప్రవృత్తిశబ్దమును నిట్టిదే. భరతునకు నది దేశదేశముల వేషభాషాచారములఁ దెలుపునది, ధర్మశాస్త్రమున నివృత్తి కెదురగు కర్మమార్గము, నైయాయికులకు యత్నభేదము, లోకమున మొగ్గు. ఈ యర్థముల సాంకర్యము సాధారణముగాఁ బండితుల వాదములతోఁ బోవును. 1876-78 నాఁటి ధాతకఱవున నది ప్రాణములకు సంబంధించిన విషయమయ్యెను.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు నాఁడు కర్నూలు మండలమునందలివి. (1970లో నవి క్రొత్తగా నేర్పడిన ఒంగోలు మండలమునఁ జేరినవి, దానికి 1972లోఁ బ్రకాశము పేరిడిరి.) నల్లమల తూర్పుదిక్కున నున్న యీ మెట్టసీమలో వాన తప్పినచో, గుండ్లకమ్మ కడ్డముగాఁ గట్టిన కంభముచెఱువు క్రింది భూములు దక్కఁ దక్కినవానికి దిక్కు లేదు.

ఆ కఱవునఁ బ్రభుత్వము పెట్టిన ముఖ్యపరీక్ష పని. సహాయము గోరువాఁడు రాయి కొట్టుటకో మన్ను మోయుటకో రావలయును. 1877 జనవరిలో క్షామవిచారణకై వచ్చిన సర్ రిచర్డు టెంపులు పురుషుని దినకూలిని నొక పౌను ధాన్యపు వెలకును, దానిపై నరయణాకును దించెను. మదరాసు పారిశుద్ధ్య కమీషనరగు డాక్టరు కార్నిషు, పనిచేయు దేహమున కది చాలదని యెదురాడెను. కొన్ని నెలలకుఁ గూలి పెంపఁబడెను. ఈ పరీక్షకు మూలమగు నూహ యిది: నిజముగాఁ గఱవు గలవాఁ డెట్లయినను వచ్చును, రానివానికిఁ గఱవు లేదు.

ప్రవృత్తి యున్నచోటఁ గఱవున్న దనుట యొప్పుకొనవచ్చును. ప్రవృత్తి లేనిచోటఁ గఱవు లేదనుట వేఱు వ్యాప్తి, అది నిలువదు. విశ్వనాథపంచాననుఁడు న్యాయసిద్ధాంతముక్తావళిలోఁ బ్రవృత్తికిఁ జికీర్షయు, నిది నా యత్నముచే సాధ్యమను జ్ఞానమును, నిది యిష్టసాధనమను జ్ఞానమును, నుపాదానప్రత్యక్షమును గారణములని చెప్పెను. బలవంతమగు ననిష్టము గలుగునను జ్ఞానము ప్రతిబంధకము. తేనెయు విషమును గలిసిన యన్నమును దినుట కెవ్వఁడును బూనఁడు. అందఱును వాన గోరుదురు గాని, స్వయత్నముచే సాధ్యము గానందున దానిని గురిపింపఁ బూనుకొనరు. కఱవుసీమవారికి నింతకంటె దగ్గఱి దృష్టాంత మక్కఱలేదు.

ఈ కారణములలో నొక్కటి తప్పినను ఆఁకలి యుండఁగనే ప్రవృత్తి యుండదు. నెలల తరబడి తిండి లేక కృశించినవానికి రాతిపని కృతిసాధ్యము గాదు. దూరపు పనికిఁ బోయిన నింట నున్న ముసలితల్లి చచ్చునని తోఁచినవానికి నది బలవదనిష్టము. పట్టెఁడు గింజలకై పోఁగాఁ బోఁగా నంతకంటె నెక్కువ సత్తువ వ్యయమగునని కన్నవానికి నిష్టసాధనతాజ్ఞానమే లేదు. కార్నిషు తర్కము చదివియుండఁడు. అయినను ఆయన యాక్షేపమును గృతిసాధ్యతను గూర్చినదియే.

1871 నాఁటి జనసంఖ్యతోఁ బోల్చఁగా 1881లోఁ గర్నూలు మండలమున దాదాపు నాలుగవవంతు జనము తగ్గియుండెను. చనిపోయినవా రెందఱో, వలసపోయినవా రెందఱో యా యంకెవలనఁ దెలియదు. 1880 నాఁటి క్షామవిచారణసంఘము శక్తులకుఁ బనిపరీక్షను విడువలేదు గాని, పని చేయలేనివారికి స్వగ్రామముననే యుచితముగా సహాయమియ్యవలయునని సిఫారసు చేసెను.