కప్పతల్లికి ఇల్లేది?

వానలు మొగం చాటేసిన యేడు రోకలికి కప్పను కట్టి, ఇంటింటా నీళ్ళు పోయించడం తెలుగు పల్లెల ఆచారం. ఋగ్వేదం ఏడవ మండలంలోని 103వ సూక్తం మండూకాలదే. అంతటి మన్నన పొందిన జీవికి, దాని కాళ్ళే ముప్పయ్యాయి. బోదురుకప్పల కాళ్ళు వేల టన్నుల్లో ఐరోపా, అమెరికాలకు తరలిపోయాయి. 1985లో అంతర్జాతీయ వాణిజ్యంపై ఆంక్షలు వచ్చాయి. 1987లో భారత ప్రభుత్వం ఎగుమతినే నిషేధించింది.

కప్పకు కత్తిగండం తప్పింది గాని, దాని ఇంటికి కాపు లేదు. పెద్దపంజాణి మెట్టసీమలో ఆ ఇల్లు చెరువు, కుంట. తొలకరికి నిండే లోతులేని మడుగుల్లోనే బోదురుకప్ప గుడ్లు పెడుతుంది. కాబట్టి పూడిక తీసేటప్పుడు ఒడ్డును నిలువుగా చెక్కేయక, ఏటవాలు అంచునూ, తుంగనూ, వరవకాలువలనూ మిగల్చాలి. నిషేధానికి ఒక్క ఉత్తర్వు చాలింది. చెరువుకు మాత్రం ఏటేటా మనుషులు కావాలి.