పంక్చరు పురాణం

మా అత్తగారి ఊరు చంద్లాపూర్. సిద్దిపేట జిల్లా, చిన్నకోడూరు మండలం. నా పెళ్ళయిన కొత్తలో ఆ పేరు చెబితే "అదెక్కడ?" అని అడిగేవాళ్ళు. 2020లో రంగనాయకసాగర్‌కు గోదావరి నీళ్ళు వచ్చినప్పటి నుంచీ ఆ ప్రశ్న పోయింది. 3 టీఎంసీల జలాశయం, ఆ గుట్ట, ఆ కట్ట, ఆదివారం పూట ఫోటోలు దిగే జనం! మాకు చుట్టరికాలు కూడా పెరిగాయి. నీళ్ళు చూడటానికొచ్చిన ప్రతివాళ్ళూ మా బావగారింట్లో చాయ్ తాగి గాని కదలరు.

పోయిన ఎండాకాలం వెళ్ళినప్పుడు నా కళ్ళు పడింది మాత్రం నీళ్ళ మీద కాదు, పెరటి గోడకు ఆనించిన ఒక సైకిలు మీద. బావగారి మనవరాలిది. వెనక చక్రంలో గాలి లేదు. హాండిలు మీద తువ్వాలు ఆరేశారు. బీరతీగ ఒకటి క్యారియరు దాకా పాకి, ఇక ఇది నాదేనన్నట్టు రెండు చుట్లు చుట్టుకుంది.

"ఏమైందే దీనికి?" అన్నాను.

"పంక్చరయింది, చిన్న నాయినమ్మా."

"ఎప్పుడు?"

"సంక్రాంతి ముంగట."

నాలుగు నెలలు! పంక్చరు వేయించాలంటే సిద్దిపేట పోవాలట. సైకిలును ఆటోలో వేసుకుని పోతే ఆటో కిరాయి పంక్చరు ఖర్చుకు నాలుగింతలు. తండ్రికి పొలం పని. అన్నకు మోటారు సైకిలుంది, ఇక చెల్లెలి సైకిలు గొడవ అతనికెందుకు? పిల్ల ఆటోలో బడికి పోతోంది. ఆటో నిండితే గాని కదలదు. అది రాని రోజున పిల్ల ఇంట్లోనే. తొమ్మిదో తరగతి. "రోజూ ఈ తిప్పలు పడే బదులు..." అని మా తోడికోడలు ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగింది. ఆ మాట ఎటు పోయి ఎక్కడ తేలుతుందో మనకు తెలియనిది కాదు.

నేనేం చేశానంటారా? "ఎవరికైనా చెప్పి బాగు చేయించండి" అని సలహా పారేసి హైదరాబాదు బస్సెక్కాను. సలహాకు ఖర్చేముంది!

ఆ తరవాత రెండు నెలలకు అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. అది చదువుకునేది కాలిఫోర్నియాలో డేవిస్ అనే ఊళ్ళో. అమెరికా అంటే కార్లే అనుకుని వెళ్ళిన నాకు అక్కడ ఎటు చూసినా సైకిళ్ళే. రోడ్డు మీద గీత గీసి, ఇది సైకిళ్ళ దారి అని 1967లోనే విడదీసిన ఊరట అది. ఆ దేశంలో అలాంటివాటిలో అదే మొదటిది.

ఒక శనివారం మా అమ్మాయి, "చైను ఊరికే ఊడిపోతోంది, బాగు చేసుకుని వద్దాం, నువ్వూ రా అమ్మా" అంది. "చేసుకుని" అన్నమాట నేను పట్టించుకోలేదు. "చేయించుకుని" అనబోయి అలా అన్నదనుకున్నాను. ఇంగ్లీషు చదువుల పిల్లలు కదా.

తీరా చూస్తే అదొక షెడ్డు. ఇనుప స్టాండ్లకు సైకిళ్ళు మేకల్లా వేలాడుతున్నాయి. గోడమీద పానాలు, శ్రావణాలు, సుత్తులు. ఒక్కొక్క పనిముట్టు వెనకా దాని ఆకారం రంగుతో గీసి ఉంది, తీసినవాళ్ళు మళ్ళీ అక్కడే పెట్టాలన్నమాట. మా వంటింట్లో గరిటెలకు ఈ ఏర్పాటు చేద్దామని ఆ క్షణాన్నే అనుకున్నాను, ఇంతవరకూ చేయలేదు. నట్లు, బోల్టులు, పెడళ్ళు వేరువేరు డబ్బాల్లో ఉన్నాయి. పనిచేసేవాళ్ళెవరికీ జీతం లేదు. కాలేజీ పిల్లలు, ఉద్యోగ విరమణ చేసిన ఒక తాతగారు. అందరూ తీరిక వేళల్లో వచ్చేవాళ్ళే.

ఇరవై ఏళ్ళ పిల్ల ఒకతె వచ్చి మా అమ్మాయి చెప్పిందంతా విన్నది. గోడమీది పానా తీసి మా అమ్మాయి చేతిలో పెట్టింది. తరవాత తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది! "ఆ నట్టు వదులు చెయ్యి. ఊహూ, అటు కాదు, ఇటు" అని చెప్పడమే గాని సైకిలు మీద చెయ్యి వేయదే! నాకు ఒళ్ళు మండింది. "పని మనచేత చేయించి దీనికి సేవ అని పేరా?" అని తెలుగులో గొణిగాను. మా అమ్మాయి నవ్వి, "ఆవిడ చేస్తే వచ్చేవారం మళ్ళీ ఆవిడ దగ్గరికే రావాలమ్మా" అంది. గంట తరవాత మోచేతుల దాకా నల్లటి గ్రీజుతో, చైను సరిగ్గా కూర్చున్న సైకిలుతో బయటికొచ్చింది. డబ్బాలో తోచినంత వేశాం.

ఇంటికొచ్చాక ఈ షెడ్ల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను. దొరికిన వాటిలో నాకు బాగా నచ్చింది లాస్ ఏంజిలెస్‌ది. 2002లో అక్కడ ఒక అపార్టుమెంటులో వాడకుండా పడివున్న వంటగదిలో కొందరు కుర్రాళ్ళు తమ సైకిళ్ళు బాగు చేసుకోవడం మొదలుపెట్టారు. చుట్టుపక్కలవాళ్ళు మేమూ వస్తామన్నారు. ఆ షెడ్డుకు "బైసికిల్ కిచెన్" అన్న పేరే స్థిరపడింది. నేర్పేవాళ్ళను వంటవాళ్ళు అంటారు! తరవాత పెద్ద చోటుకు మారినా పేరు మారలేదు. దాన్ని చూసి మరికొన్ని ఊళ్ళలోనూ సైకిలు వంటిళ్ళు వెలిశాయి. మనం పెళ్ళయిన నాటినుంచీ వంటింటి నుంచి బయటపడదామని చూస్తుంటే వాళ్ళు వంటింట్లోకి సైకిలు తెచ్చుకున్నారు.

వీళ్ళే మొదటివాళ్ళు కారు. 1965లో ఆంస్టర్‌డాంలో ప్రోవో అనే యువకుల బృందం సైకిళ్ళకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా వీధిలో వదిలింది, ఎవరికి కావాలంటే వాళ్ళు ఎక్కవచ్చునని. తాళం వేయకపోవడం చట్టవిరుద్ధమని పోలీసులు వాటిని పట్టుకుపోయారు. 1984లో అమెరికాలో "బైక్స్ నాట్ బాంబ్స్" అన్న సంస్థ పుట్టింది. నికరాగ్వా మీద అమెరికా ప్రభుత్వం కత్తి నూరుతున్న రోజుల్లో, పాత సైకిళ్ళు సేకరించి ఆ దేశానికి పంపింది. అదే ఆంస్టర్‌డాంలో 2009లో రిపేర్ కెఫే అని మొదలైంది. టోస్టరు నుంచి చిరిగిన చొక్కా దాకా ఎవరి వస్తువు వాళ్ళే కూర్చుని బాగు చేసుకుంటారు. 2015లో బెంగుళూరులోనూ అలాంటిది వచ్చింది.

ఇవన్నీ చదువుతుంటే ఒక పాత పుస్తకం సంగతి తెలిసింది. 1896లో మరియా వార్డ్ అనే అమెరికన్ మహిళ "బైసికిలింగ్ ఫర్ లేడీస్" అని రాసింది. సైకిలెక్కడం ఎలా, దిగడం ఎలా అన్నంతవరకే చెప్పి ఊరుకోలేదు. పనిముట్లేమిటి, విప్పడం ఎలా, బిగించడం ఎలా అన్నదీ రాసింది. సూదీ కత్తెరా పట్టిన చేతికి పానా పరాయిదేమీ కాదన్నది ఆమె వాదన. ఫోటోలు ఆమె స్నేహితురాలు ఆలిస్ ఆస్టెన్ తీసింది. అంతకు ముందు ఏడాది ఫ్రాన్సెస్ విలర్డ్ అనే మద్యపాన వ్యతిరేక నాయకురాలు యాభై మూడేళ్ళ వయసులో తాను సైకిలు నేర్చుకున్న కథ పుస్తకంగా వేసింది. సైకిలుకు గ్లాడిస్ అని పేరు కూడా పెట్టుకుంది. యాభై మూడేళ్ళట! నేను మోకాళ్ళ నొప్పుల నూనె కొనుక్కున్న వయసు.

పంక్చరుకూ ఒక పురాణం ఉంది. బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన డన్‌లప్, కొడుకు మూడుచక్రాల బండి గతుకుల్లో ఎగిరెగిరి పడకుండా గాలి టైరు చేసి 1888లో పేటెంటు తీసుకున్నాడు. అంటే సైకిలు పంక్చరు కూడా ఆయనతోనే పుట్టిందన్నమాట. ఆ టైరును రిమ్ముకు జిగురుతో అంటించేవాళ్ళు. 1889లో ఫ్రాన్సులో ఒకతను అలాంటి టైరు పంక్చరై మిషెలిన్ సోదరుల కర్మాగారానికి తెచ్చాడు. ఊడబీకి అతకడానికి మూడు గంటలు, ఆరడానికి ఒక రాత్రి పట్టాయి. మర్నాడు ఎదువార్ మిషెలిన్ దానిమీద నాలుగడుగులు పోయాడో లేదో మళ్ళీ గాలి పోయింది. ఆయన మాత్రం విసుక్కోలేదు. ఊడదీసి మళ్ళీ తొడగగల టైరు చేయాలని కూర్చుని 1891లో సాధించాడు. పావుగంట పని. అదే ఏడాది షార్ల్ తెరాఁ ఆ టైర్లతో పారిస్ నుంచి బ్రెస్ట్‌కు పోయి తిరిగొచ్చే దాదాపు 1200 కిలోమీటర్ల పందెం గెలిచాడు. టైరు ఊడివచ్చిన రోజునే, ఫ్యాక్టరీలో ఉండాల్సిన పని మామూలు మనిషి చేతికొచ్చింది. మరి 1891లో చేతికొచ్చిన పని చంద్లాపూర్లో మా పిల్ల చేతికెందుకు రాలేదు?

నా చిన్నతనం గుర్తుకొచ్చింది. సిద్దిపేటలో మా ఇంటి దగ్గర ఒక కిరాయి సైకిళ్ళ దుకాణం ఉండేది. గంటకు పావలా. సీటు అందక, నిలువు కడ్డీల మధ్యనుంచి ఒక కాలు దూర్చి కైంచి తొక్కుతూ నేర్చుకున్నాను, బాపుకు తెలియకుండా. ఒకరోజు చైను ఊడింది. తోసుకుంటూ దుకాణానికి తీసుకుపోయి, ఎట్లా ఎక్కిస్తారో చూద్దామని వంగాను. దుకాణదారు చెడ్డవాడేం కాదు, "నీకెందుకు బిడ్డా, బట్టలు ఖరాబైతయ్, దూరం జరుగు" అన్నాడు. జరిగాను. నా వయసు కుర్రాళ్ళు మాత్రం ఆ దుకాణం ముందే కూర్చుని, తొట్టిలో ట్యూబు ముంచితే బుడగలెక్కడొస్తాయో, సొల్యూషన్ ఎంతసేపు ఆరనివ్వాలో, బెండు తీసేటప్పుడు ఏ పుల్ల బిగించాలో, ఏది వదలాలో అన్నీ చూస్తుండేవాళ్ళు. మా తమ్ముడికి ఎవరూ పాఠం చెప్పలేదు. అక్కడ నిలబడ్డాడు, వచ్చేసింది. నన్ను నిలబడనివ్వలేదు, రాలేదు. డేవిస్ షెడ్డులో మా అమ్మాయికి దొరికింది ప్రధానంగా ఆ నిలబడే చోటే.

సైకిలుతో ఆడవాళ్ళ జాతకం మారిన ముచ్చట దూరాన ఎక్కడో కాదు, పక్క రాష్ట్రంలోనే ఉంది. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో కలెక్టరు షీలారాణి చుంకత్ అక్షరాస్యత ఉద్యమంలో సైకిలు నేర్పడాన్ని కూడా చేర్చారు. ఉద్యమంలో పనిచేసే స్త్రీలకు సైకిళ్ళు కొనుక్కోవడానికి బ్యాంకు రుణాలు ఇప్పించారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే ఆడవాళ్ళు జెంట్స్ సైకిళ్ళే కొన్నారట. పైగా అవే మేలన్నారట, ముందు కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు కదా! జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ ఈ సంగతులన్నీ రాశారు. అలాంటి అక్షరాస్యత ఉద్యమమే మన నెల్లూరు జిల్లాకూ వచ్చింది. అక్కడి రాత్రి బడుల్లో పాఠాలు చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. అదే పలక ఒక చోట సైకిలెక్కించింది, ఇంకొక చోట సారా కొట్టు మూయించింది. దూబగుంట పేరు మనకు తెలుసు, పుదుక్కోట్టై సైకిళ్ళ పేరు మన పత్రికల్లో అంతగా వినపడదు. ఎందుకో మరి.

ఇక్కడే ఒకమాట. సైకిలు ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. 2006లో బీహారు ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చింది, చేరేవాళ్ళు బాగా పెరిగారు. చాలా మంచి పని. అయితే ఇచ్చిన సైకిలుకు మొదటి పంక్చరు పడేదాకానే ఆ కానుక. అక్కణ్ణించి అది బీరతీగకు పందిరి.

దసరాకు మళ్ళీ చంద్లాపూర్ వెళ్ళాను. సైకిలు అక్కడే ఉంది, తీగ ఎండిపోయింది. నేను ఈసారి సలహాతో వెళ్ళలేదు. రెండు టైరు లివర్లు, గరుకు కాగితం, ప్యాచీలు, సొల్యూషన్, చేతిపంపు సంచిలో వేసుకుని వెళ్ళాను. పిల్లను పిలిచి, లివరు దాని చేతిలో పెట్టి, నా చేతులు వెనక్కి కట్టుకున్నాను. చెప్పొద్దూ, అలా నిలబడటం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. అది తప్పుచేసినప్పుడల్లా నా వేళ్ళు దురద పెట్టాయి. నాకైనా వచ్చేమిటి, డేవిస్‌లో మా అమ్మాయి నాచేత రెండుసార్లు చేయించింది, అంతే.

మొదటి ప్యాచీ ఊడిపోయింది, సొల్యూషన్ ఆరకముందే అతికించింది. మా బావగారు అరుగు మీంచి, "సిద్దిపేటకు పంపితే అయిపోయేదానికి..." అన్నారు. పంపనిది ఎవరో ఆయనకు గుర్తుచేయలేదు, పెద్దవారు. రెండోసారి ఊదుతూ ఓపిగ్గా ఆరబెట్టింది. గాలి కొట్టి బకెట్లో ముంచితే బుడగ రాలేదు. పిల్ల బకెట్లోకి చూస్తూ చాలాసేపు అట్లాగే కూర్చుంది. తరవాత మాట్లాడకుండా సైకిలెక్కి కట్టవైపు పోయింది.

మర్నాడు పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తుంటే పక్కింటావిడ కూతుర్ని వెంటబెట్టుకుని, సైకిలు తోసుకుంటూ వచ్చింది. "మీ పిల్ల జేస్తదట గదా, మాదానిది కూడా..." అంది. మా పిల్ల లోపల్నుంచి లివర్లు తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. మధ్యాహ్నానికి ఇంకో రెండు సైకిళ్ళు వచ్చాయి. సాయంత్రానికి సొల్యూషన్ ట్యూబు ఖాళీ. మావారిని సిద్దిపేట పంపాను, అరడజను తెమ్మని.