పాండీ బజార్ పాదచారుల ప్రాంగణం

చెన్నై త్యాగరాయనగర్‌ (టి.నగర్‌)లో పానగల్ పార్కు నుంచి తూర్పుకు సాగే త్యాగరాయ రోడ్డు మీద, నడిచేవారి కోసం విశాలమైన కాలిబాటలతో తీర్చిన అంగడి వీధి. 2019 నవంబరు 13న అప్పటి ముఖ్యమంత్రి ఎడప్పాడి పళనిస్వామి ప్రారంభించారు.

ఈ పేటకు, రోడ్డుకు జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. పార్కు పేరు మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రిగా పనిచేసిన పానగల్ రాజా రామారాయణింగారిది. ఇద్దరూ తెలుగువారే.

చీరలు, నగలు, పెళ్ళి సామాను కొనేవారితో పండగ రోజుల్లో ఇక్కడ అడుగు తీసి అడుగు వేయడం కష్టం. వచ్చేవారిలో నడిచేవారే ఎక్కువైనా, రోడ్డు మాత్రం చాలాకాలం వాహనాలదే. చెన్నై కార్పొరేషన్ 2014లో నడకకు, సైకిలుకు పెద్దపీట వేస్తూ ఒక విధానాన్ని ఆమోదించింది. కాలిబాట మీది చిరువ్యాపారులను అంతకుముందే, 2013లో, బహుళ అంతస్తుల సముదాయంలోకి తరలించారు. దాంతో దారి ఖాళీ అయింది; వీధి బేరంలోని సందడీ కొంత పోయింది.

స్మార్ట్ సిటీ పథకం కింద బండ్ల దారిని కుదించి కాలిబాటలను వెడల్పు చేశారు, కూర్చోవడానికి బల్లలు వేశారు. అయితే కార్లు, మోటారు సైకిళ్ళు ఇక్కడ పూర్తిగా ఆగిపోలేదు కాబట్టి దీన్ని వాహనరహిత వీధి అనడం అతిశయోక్తే.

నడిచేవారి కోసమే 2023 మేలో మాంబళం రైల్వే స్టేషన్‌ను టి.నగర్ బస్సు స్టాండుతో కలుపుతూ ఆకాశ నడకదారి కూడా తెరుచుకుంది.