ముందు వాదా, తర్వాత ఖత్నా



విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడవుతాడని మన క్రైస్తవ పొరుగువారు అంటుంటారు. 1924లో ప్రారంభమైన మెదక్ పెద్ద చర్చిలోనూ ఈ బోధ వినిపిస్తుంది. మరి అమల్ అక్కర్లేదా అని మనవాళ్లు వెంటనే సవాల్ వేస్తారు. అసలు ఆ మాట ఏ ఝగడాలో పుట్టిందో చూద్దాం.

అది క్రీ.శ. 50 ప్రాంతం. హజ్రత్ ఈసా (అలై.)ను నమ్మిన యూదుల్లోకి యూదేతరులూ వచ్చి చేరుతున్నారు. వాళ్లు ఖత్నా చేయించుకోవాలా? మూసా (అలై.) షరీఅత్ అంతా పాటించాలా? అంతియొకయ నగరంలో ఈ గొడవ దస్తర్‌ఖాన్ దాకా వచ్చింది. యూదేతరులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. అందరి ముందే ఆయన్ను నిలదీశానని పౌలు గలతీయులకు రాసిన లేఖలో చెప్పాడు.

పౌలు తన దలీల్‌ను హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై.) జీవితం నుంచే తెచ్చాడు. ఆదికాండం 15వ అధ్యాయంలో దేవుడు ఔలాద్ గురించి వాదా చేశాడు. ఇబ్రాహీమ్ నమ్మారు. ఆ నమ్మకమే నీతిగా లెక్కకు వచ్చింది. ఖత్నా హుకుమ్ 17వ అధ్యాయంలో వచ్చింది. అప్పటికి ఆయనకు 99 ఏళ్లు, హజ్రత్ ఇస్మాయీల్ (అలై.)కు 13. షరీఅత్ ఆ వాదాకు 430 ఏళ్ల తర్వాత వచ్చిందని పౌలు లెక్క.

తంగళ్ళపల్లి, సిరిసిల్లలో మగ్గం చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పడుగు ముందు, పేక తర్వాత. వెనక వచ్చిన పేక పడుగును తెంచదు. అలాగే షరీఅత్ వచ్చి వాదాను రద్దు చేయదు. కాబట్టి ఈమాన్ ఉన్న యూదేతరుడూ ఇబ్రాహీమ్ ఔలాదే అన్నాడు పౌలు. నీతిమంతుడుగా తీర్చడమంటే అదాలత్ ఒకణ్ణి బరీ చేయడం లాంటిది.

అమల్ వద్దని దీని అర్థం కాదు. అదే కొత్త నిబంధనలో యాకోబు పత్రిక ఇబ్రాహీమ్ కుర్బానీనే చూపి, అమల్ లేని ఈమాన్ ముర్దా అంటుంది.

మన అఖీదా వేరు. పౌలు ఈ బరీని సిలువ మరణంతో ముడిపెట్టాడు, అది మనం ఒప్పుకోం. కానీ సూరె బఖరా 124వ ఆయత్ చూడండి. తన ఔలాద్ సంగతేమిటని ఇబ్రాహీమ్ అడిగితే, తన అహద్ జాలిములకు వర్తించదని అల్లాహ్ జవాబిచ్చాడు. అంటే ఒట్టి నస్ల్ చాలదు.

దూదేకులవాళ్లతో రిష్తా వద్దనే ఇళ్లు మనలోనూ ఉన్నాయి. అంతియొకయ దస్తర్‌ఖాన్ మీద లేచిన సవాల్ ఆ ఇళ్లకు కూడా వర్తిస్తుంది.