బాసిలిస్క్, తొండ, ఊసరవెల్లి, ఉడుము: ఏది పెంచవచ్చు, ఏది ముట్టరాదు



పెరటి గోడ మీద తురాయి ఉన్న బల్లిని చూసి, ఫోనులో చూసిన బొమ్మతో పోల్చి, "ఇది బాసిలిస్కేనా? పెంచుకుందామా?" అని పిల్లలు అడుగుతున్నారు. సరైన జవాబు చెప్పాలంటే ముందుగా ఆ జీవి ఏదో తెలియాలి. అది ఈ నేలకు చెందినదైతే పట్టకూడదు. విదేశీదైతే కాగితాలు, ఖర్చు, ఓపిక కావాలి. ఈ సమాచారం ఇంట్లో ఉంచుకోవడానికి వీలుగా క్రింద ఇస్తున్నాము.

1. అసలు బాసిలిస్క్ ఎలా ఉంటుంది

ఇది మధ్య అమెరికా అడవుల్లో, నీటి ఒడ్డున చెట్ల మీద ఉండే బల్లి. గ్రీకు భాషలో ఆ పేరుకు "చిన్న రాజు" అని అర్థం. తల మీది తురాయిని కిరీటంగా భావించి ఆ పేరు పెట్టారు. పెంపకంలో ఎక్కువగా కనిపించేది ఆకుపచ్చ రకం. మగదానికి తల మీద, వీపు మీద, తోక మీద మూడు తురాయిలు ఉంటాయి. ఆడదానికి తల మీద మాత్రమే ఉంటుంది. తోకతో కలిపి రెండు అడుగులు దాటుతుంది, అందులో ఎక్కువ భాగం తోకే. బెదిరితే వెనుక కాళ్ళ మీద లేచి నీటిపై నాలుగైదు మీటర్లు పరుగెత్తి, తర్వాత ఈదుతుంది. వెనుక కాలి వేళ్ళకు ఉండే అంచులు నీటిపై విచ్చుకోవడం వల్ల అది సాధ్యమవుతుంది.

పచ్చ ఇగువానాను చూసి బాసిలిస్క్ అనుకునే అవకాశం ఉంది. ఇగువానాకు గొంతు క్రింద పెద్ద చర్మపు తిత్తి వేలాడుతుంది, చెంప మీద గుండ్రటి పెద్ద పొలుసు ఒకటి ఉంటుంది. ఈ రెండూ బాసిలిస్క్‌కు ఉండవు. ఇగువానా ఆకులు తింటుంది, బాసిలిస్క్ ప్రధానంగా పురుగులు తింటుంది.

2. మన పెరట్లో కనిపించేవి

తొండ: ఒడియాలో ఎండుఅ. మెడ నుంచి వీపు మీదుగా ముళ్ళ వరుస ఉంటుంది. పిల్లలు బాసిలిస్క్ అని పొరబడేది దీనినే. జతకట్టే కాలంలో మగదాని తల, గొంతు ఎర్రబడతాయి. అది రక్తం పీల్చినందువల్ల కాదు. తొండ రక్తం తాగదు, దానికి విషమూ లేదు.

ఊసరవెల్లి: ఒడియాలో బహురూపి. ఒక్కో కన్ను ఒక్కో వైపు తిరుగుతుంది. కాలివేళ్ళు రెండు, మూడుగా కలిసి పట్టకారులా ఉంటాయి. తోక చుట్టుకుంటుంది. గాలికి ఆకు కదిలినట్టు ఊగుతూ నడుస్తుంది. దీనికి కూడా విషం లేదు.

ఉడుము: ఒడియాలో గోధి. పెరిగితే తోకతో కలిపి ఐదడుగులు దాటవచ్చు. పాములా నాలుక చీలి ఉంటుంది. ఎలుకలను, పురుగులను, గుడ్లను తింటుంది. తరిమి మూలకు నెడితేనే కరుస్తుంది, తోకతో కొడుతుంది. కరిస్తే సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

3. చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. దానిని పట్టినా, చంపినా, మాంసం కొన్నా మూడు నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. ఊసరవెల్లి కూడా రక్షణ పొందిన జీవే.

"హత్తాజోడి" పేరుతో, ఇంట్లో పెడితే సంపద వస్తుందని చెప్పి, ఎండిన వేరులాంటిదాన్ని అమ్ముతుంటారు. చాలాసార్లు అది వేరు కాదు, మగ ఉడుమును చంపి కోసి ఎండబెట్టిన జననాంగం. పూజ గదిలో పెట్టుకున్నవారు తెలియకుండానే నేరంలో చిక్కుకుంటారు. పెద్దవారు దీనిని ప్రత్యేకంగా గమనించ ప్రార్థన.

విదేశీ జంతువులకు 2024 ఫిబ్రవరి 28న వేరే నియమాలు వచ్చాయి. అంతర్జాతీయ ఒప్పందపు పట్టికల్లో ఉండి, మన చట్టం నాలుగో షెడ్యూలులో చేరిన జీవిని కొన్నవారు 30 రోజుల్లోగా పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇగువానా ఈ కోవలోనిదే. కాబట్టి అమ్మేవారి మాట మీద కాకుండా జాతి పేరు వ్రాసిన బిల్లు, దిగుమతి లేదా పెంపకం కాగితాలు అడిగి తీసుకోండి. కాగితం ఇవ్వనివారి దగ్గర కొనవద్దు.

4. బాసిలిస్క్‌ను పెంచాలంటే

గూడు: అడ్డం కంటే ఎత్తు ముఖ్యం. ఒక పెద్ద బల్లికి మనిషి ఎత్తు గూడు, ఎక్కడానికి కొమ్మలు, దాక్కోవడానికి ఆకులు, మునగడానికి నీటి తొట్టి కావాలి. ఇది బెదురు జంతువు. అద్దానికి ముక్కు గుద్దుకుని పుండు పడుతుంది. అద్దాన్ని క్రింది భాగంలో కాగితంతో కప్పాలి. రెండు మగవాటిని కలిపి ఉంచరాదు.

వేడి: పగలు 27 డిగ్రీల వరకు, దీపం క్రింద ఒక చోట 32 నుంచి 35, రాత్రి 22కు తగ్గకుండా ఉండాలి. రాయగడ పల్లంలో ఉంది కనుక కొంత నయం. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో, సెమిలిగుడ వైపు, డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగుతాయి. కరెంటు పోయిన ఒక్క రాత్రి చాలు, ప్రాణం మీదికి వస్తుంది. థర్మోస్టాటుతో హీటరు, ఇన్వర్టరు లేనివారు ఈ ఆలోచన మానుకోవడం మంచిది.

వెలుతురు, తేమ: ఎముకలు గట్టిపడటానికి అతినీలలోహిత దీపం తప్పనిసరి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఆ పని చేయదు. రోజూ నీళ్ళు చల్లి గూట్లో తేమ నిలపాలి.

తిండి: కీచురాళ్ళు, మిడతలు, వాటిపై కాల్షియం పొడి. మందు కొట్టిన పొలం పురుగులు వద్దు. దవడ మెత్తబడటం, కాళ్ళు వంకర పోవడం కాల్షియం లోపానికి గుర్తులు.

శుభ్రత: బల్లుల మలంలో సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. ముట్టిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఇలాంటివి వద్దు. పాకే జీవులకు వైద్యం చేసే పశువైద్యుడు ఎక్కడున్నారో కొనకముందే కనుక్కోండి.

5. వదిలేయడం పరిష్కారం కాదు

విసుగొచ్చిందని కోలాబ్ జలాశయం దగ్గరో, నాగావళి ఒడ్డునో వదలకండి. చలికి అది చస్తుంది, లేదా బతికి ఇక్కడి జీవుల తిండి లాక్కుంటుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో బాసిలిస్క్‌లలో గోధుమ రంగు రకం ఇలాగే మనుషుల వల్ల చేరి స్థిరపడిపోయింది.

6. కనబడితే ఏం చేయాలి

రోడ్డు దాటుతున్న ఊసరవెల్లికి ఒక కొమ్మ అందించి, అది వెళ్తున్న వైపునే చెట్టు దగ్గర దించండి. ఇంటికి తేవద్దు. అది ఆకుల మీది నీటి చుక్కలు తాగి బతికేది, గిన్నెలో నీళ్ళు పెట్టినా చాలావరకు గుర్తించదు. పెట్టెలో పెడితే కొద్ది రోజుల్లోనే నీరసించి పోతుంది. ఉడుము ఇంట్లోకి వస్తే పిల్లలను, కుక్కను పక్కకు తీసుకెళ్ళి తలుపు తెరిచి ఉంచండి, దానంతట అదే వెళ్తుంది. గాయపడి ఉంటే కోరాపుట్, జయపురం, రాయగడ అటవీ డివిజన్ కార్యాలయాల్లో దగ్గరి దానికి తెలియజేయండి.

పిల్లలకు బల్లుల మీద ఇష్టం ఉంటే మంచిదే. ఫొటో తీయమనండి, నోటుబుక్కులో తేదీ, చోటు, తెలుగు పేరు, ఒడియా పేరు వ్రాయించండి. పట్టకుండానే నేర్చుకోగలిగినంత మన పెరట్లోనే ఉంది. ఈ వివరాలు మీ వీధిలోని మిగతా తెలుగు కుటుంబాలకు కూడా తెలియజేయగలరు.