ఇక్కడ నీళ్ళు పడతయ్యా? ఒంగోలు రాళ్ళ కథ

ఈ ఎపిసోడ్ మా చెల్లి వల్ల వచ్చింది. చెల్లి అంటే మా బాబాయి కూతురు, ఎమ్మెస్సీ జియాలజీ. రాజస్థాన్‌లో, జైసల్మేర్ ఎడారిలో సమ్మర్ ఇంటర్న్‌షిప్ వస్తుందని టోపీ, బూట్లు అన్నీ కొనుక్కుంది. చివరికి వచ్చింది ప్రకాశం జిల్లా. "ఎడారి కావాలంటే మే నెలలో మన ఊరు చాలు కదే" అన్నాను. నవ్వలేదు. నేను సెలవు పెట్టి బైక్ మీద డ్రైవర్‌గా వెళ్ళా.

మేలో మన వైపు ఎట్లా ఉంటుందో తెలుసుగా. పత్తి పీకేశారు, మిరపకాయలు కల్లాల నుంచి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోయాయి. నల్లరేగడి అంతా నెర్రెలు, చెయ్యి పట్టేంత. చెల్లి సుత్తి తీసి ఎక్కడ రాయి కొట్టినా ఒక పెద్దాయన వచ్చి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏందమ్మాయ్, ఇక్కడ నీళ్ళు పడతయ్యా?"

రాళ్ళు చూసేవాళ్ళంటే బోరు పాయింట్ పెట్టేవాళ్ళని మనవాళ్ళ లెక్క. మొదట్లో నాకూ కామెడీగానే ఉండేది.

మొదటి వారం ఒంగోలు, అద్దంకి, ఇంకొల్లు చుట్టుపక్కల తిరిగాం. వేమవరం, బూదవాడ, పావులూరు. ఈ మూడూ మన ఊళ్ళే. కానీ జియాలజీ పుస్తకాల్లో ఇవి రాతి పొరల పేర్లు కూడా. ఎవరు పెట్టారు?

రాబర్ట్ బ్రూస్ ఫూట్. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతియుగపు చేతిగొడ్డలిని గుర్తుపట్టింది ఈయనే. ఉద్యోగం జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో. 15 డిగ్రీల అక్షాంశం నుంచి మచిలీపట్నం దాకా, అంటే దాదాపు మన ఏరియా మొత్తం, ఏ రాయి ఎక్కడుందో రాసిన ఆయన రిపోర్టు 1879లో అచ్చయింది.

అసలు ఆ సర్వేని 1851లో పెట్టిందే ముఖ్యంగా బొగ్గు కోసం. రైళ్ళు రావాలి, స్టీమర్లు తిరగాలి. 1871లో ఫూట్ సహోద్యోగి విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. అదే తర్వాత సింగరేణి అయింది. అది గోండ్వానా అనే రాతి వరసలో దొరికింది. ఒంగోలు దగ్గర ఉన్నవీ గోండ్వానా రాళ్ళే! కానీ పై వరస, వయసులో చిన్నవి. బొగ్గు ఉండేది కింది వరసలో. మన అదృష్టమో దురదృష్టమో, ఇక్కడ దొరికింది ఆకులు.

నిజంగా ఆకులే. పలకలాంటి రాయిని పొరగా విప్పితే లోపల ఈనెలతో సహా ముద్ర. ఒక మొక్క పేరు టైలోఫిల్లమ్. చూడ్డానికి ఫంక్షన్ హాళ్ళ ముందు కుండీల్లో పెట్టే సైకస్ ఆకులా ఉంటుంది. ఈ ఆకుల్ని కలకత్తాలో కూర్చుని వర్ణించింది బొహీమియా నుంచి వచ్చిన ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్. ఈ పొరల్లోనే అమ్మోనైట్లనే సముద్ర జీవుల గవ్వలు కూడా దొరికాయి. అంటే ఇది అప్పటి తీరం. సుమారు 12, 13 కోట్ల ఏళ్ళ కింద ఇండియా, అంటార్కిటికా విడిపోతుంటే మధ్యలోకి సముద్రం వస్తున్న కాలం. రాయి చేతిలో పెట్టి చెల్లి ఇదంతా చెబుతుంటే నాకు ఎండ కూడా తెలీలేదు.

అప్పుడే డేట్ గుర్తొచ్చింది. 1879. దానికి ముందు 1876 నుంచి 78 దాకా ఇక్కడ ఏం జరుగుతోంది? మద్రాసు ప్రెసిడెన్సీలో మహా కరువు. లక్షల మంది పోయారు. కరువు పని కింద బకింగ్‌హామ్ కాలవ తవ్వించారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొర జనానికి కూలి దొరకాలని మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్ట్ తీసుకున్నాడు. మన నేల గురించిన తొలి సైన్సు పుస్తకాల్లో ఒకటి అచ్చవుతున్న రోజుల్లోనే ఆ నేల మీద జనం నీళ్ళు లేక, తిండి లేక పడిపోతున్నారు. ఫూట్‌ని తిట్టడానికి చెప్పట్లేదు, పని బాగా చేశాడు. ఆ పని ఎవరి కోసం అన్నదే నా డౌట్.

తర్వాతి మూడు వారాలు పడమటికి, పొదిలి, కనిగిరి వైపు. ఇక్కడ చెల్లి పని రాళ్ళు కాదు, బోరు నీళ్ళు. సీసాలో కొంచెం నీళ్ళు, అందులో మందు. గులాబీ రంగు పసుపుకి తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువని లెక్క.

ఫ్లోరైడ్ అంటే మనకి నల్గొండే గుర్తొస్తుంది. కానీ ఇండియాలో ఈ జబ్బు మొదట రికార్డయింది మన దగ్గర. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా కేసుల మీద పేపర్ రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. ముందు గమనించింది మాత్రం రైతులని వైద్య పుస్తకాలే చెబుతాయి. ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం వాళ్ళ కంట పడింది.

ఫూట్ కాలానికి దీని గురించి ఎవరికీ తెలీదు. పళ్ళ మీద గోధుమ మచ్చలకి కారణం నీళ్ళలో ఫ్లోరైడేనని తేలింది 1931లో. అదీ అమెరికాలో, అరిజోనా ఎడారిలోని సెయింట్ డేవిడ్ అనే పల్లె నీళ్ళ మీద పరిశోధన చేసినవాళ్ళలో మార్గరెట్ స్మిత్ అనే ఆవిడ ఉంది. చెల్లికి ఎడారి ఇట్లా దొరికింది.

ఎందుకు వస్తుందంటే, గ్రానైట్ లాంటి రాళ్ళలో ఫ్లోరిన్ ఉండే ఖనిజాలు ఉంటాయి. వాన తక్కువ చోట నీళ్ళు ఆ రాతి పగుళ్ళలో చాలా కాలం నిలవుంటాయి. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ని పట్టి ఆపుతుంది. కానీ పొడి నేలలో అది సున్నపు గులకలుగా ముందే విడిపోతుంది, ఫ్లోరైడ్ నీళ్ళలోనే మిగులుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ముందు పళ్ళు, ఏళ్ళు గడిస్తే వెన్ను, మోకాళ్ళు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి, కాచితే ఇది పోదు. నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

చివరి రోజు ఒక ఊళ్ళో పెద్దావిడ మంచం మీద కూర్చుని ఉంది. మెడ పక్కకి తిప్పాలంటే ఒళ్ళంతా తిరగాలి. చెల్లి ఆవిడ బోరు నీళ్ళు పట్టి మందు వేసింది. పసుపు. ఈ నీళ్ళు వాడుకకే గానీ తాగొద్దని చెప్పింది.

ఆవిడ అంది, "అది మాకు తెలుసులే అమ్మా. బోరు ఇంకోచోట ఏస్తే మంచియ్యి పడతయ్యా, అది చెప్పు."

చెల్లి బ్యాగులోంచి మ్యాప్ తీసి మంచం మీద పరిచింది. బైక్ స్టార్ట్ చేసి ఉంచాను, మళ్ళీ ఆపేశాను. అక్కడ ఇంకో రెండు గంటలు పట్టింది.